వాసనకి కూడా డ్యూటీ టైమ్ ఉంటుంది

(ఆడియోలో మాట్లాడిందే ఇక్కడ రాసి పెడుతున్నాను. చదవడానికి వీలుగా అక్కడక్కడ సర్దాను. నా యాస మాత్రం అలాగే ఉంచేశాను.)

నేను సౌదీలో, జుబైల్‌లో ఉంటాను. కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి, ఊళ్ళో కొన్నాళ్ళు కాంట్రాక్టర్ల వెనకాల తిరిగి, తర్వాత ఇటొచ్చాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పని కాంక్రీటుతో, కడ్డీతో. మరి ఆర్కిడ్ పూల గురించి మాట్లాడడానికి నీకేం అర్హత అని అడిగితే చెప్తాను. ఒక ఆర్కిడ్‌ని నా చేతులతో చంపాను. తర్వాత రెండిటిని పూయించాను. అందులో ఒకటి వాసనొచ్చేది. ఆ వాసన నాకు తెలియడానికి మూడు వారాలు పట్టింది. అది ఎందుకో చెప్పడానికే ఇవాళ మైకు ముందు కూర్చున్నాను.

మొదటి నుంచీ చెప్తాను.

మా ఆవిడ, పిల్లలిద్దరూ ఇక్కడ నాతోనే ఉండేవాళ్ళు. 2017 జూలైలో ఇక్కడ కుటుంబ సభ్యుల మీద ఫీజు మొదలైంది, గుర్తుంది కదా. మనిషికి నెలకి 100 రియాల్. ఏడాదికో 100 పెరుగుతూ పోయింది. 2019 జూలైకి మనిషికి 300 అవుతుందని తెలిసినప్పుడు కాగితం మీద లెక్కేశాను. ముగ్గురికి నెలకి 900, ఏడాదికి 10,800 రియాల్. స్కూలు ఫీజు, అద్దె వేరు. ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం, ఎక్కువసేపు పట్టలేదు. జూన్‌లో వాళ్ళని దమ్మామ్‌లో విమానం ఎక్కించాను. అప్పుడు నాలాగే ఎంతమంది ఎయిర్‌పోర్టు నుంచి ఒంటరిగా వెనక్కొచ్చారో మీకు నేను చెప్పక్కర్లేదు.

వెళ్ళే ముందు మా ఆవిడ ఒక కుండీ నా చేతిలో పెట్టింది. సూపర్‌మార్కెట్‌లో 70 రియాల్‌కి కొన్న ఆర్కిడ్. తెల్ల పువ్వులో లేత గులాబీ రంగు. దాని పేరు ఫెలనాప్సిస్. సీతాకోకచిలుక వాలినట్టుంటుంది పువ్వు. అప్పటికే పూలు రాలిపోయి నాలుగు ఆకులు మిగిలాయి. "దీన్ని మాత్రం ఎండిపోనివ్వకండి" అంది.

ఎండిపోనివ్వకు అంది కదా. నేను ఎండనివ్వలేదు. అదే తప్పయింది.

మా పనిలో క్యూరింగ్ అని ఉంటుంది. కాంక్రీటు పోసాక కనీసం వారం రోజులు తడి ఆరకూడదు. గోనె పరిచి, పొద్దున్నా సాయంత్రం నీళ్ళు పెట్టాలి. ఇక్కడి ఎండల్లో ఒక్కపూట మర్చిపోతే స్లాబ్ మీద పగుళ్ళు. ఇన్నేళ్ళుగా నాకు తెలిసిన ప్రేమ అదే. నీళ్ళు పెట్టడం. ఆ కుండీకి కూడా పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు ఓ గ్లాసు, వచ్చాక ఓ గ్లాసు పోశాను. ఆకులు మెత్తబడ్డాయి. దాహం వేస్తోంది కాబోలు అని ఇంకో గ్లాసు పోశాను. ఆగస్టు కల్లా ఆకులు పసుపుపచ్చగా మారి ఒక్కోటీ చేతిలోకి వచ్చేశాయి. కుండీలోంచి పైకి తీస్తే వేళ్ళు లేవు. కుళ్ళిపోయిన పీచు, బురద వాసన.

తర్వాత నేను చేసిన పని చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. అయినా చెప్తాను. అదే సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి, అదే రంగుది ఇంకోటి కొన్నాను. పాత కుండీలోకి మార్చాను. వీడియో కాల్‌లో మా ఆవిడకి చూపించి, "చూడు, ఎలా ఉందో" అన్నాను. "బాగుంది" అంది. అంతే. నాలుగున్నరేళ్ళు ఆ అబద్ధం మా ఇద్దరి మధ్యా ఆ కిటికీలోనే ఉంది.

రెండోదాన్ని చంపకూడదు కాబట్టి నేర్చుకోవడం మొదలుపెట్టాను. నాకు గురువు ఒక ఫిలిప్పీన్స్ మనిషి. మా సైట్‌లో సేఫ్టీ ఆఫీసర్. దవావ్ వైపు వాడు. వాళ్ళ మిండనావో దీవిలో వాలింగ్-వాలింగ్ అని పెద్ద ఆర్కిడ్ ఉంది. ఆ దేశంలో దానికి ఎంత గౌరవమో అతని మాటల్లో తెలిసేది. నా కుండీ చూసి నవ్వి, "బాస్, ఇది నేలలో పుట్టింది కాదు, చెట్టు మీద పుట్టింది. చెట్టు మీద వాన పడుతుంది, గాలి వస్తుంది, ఆరిపోతుంది. నువ్వు దాన్ని చెరువులో పెట్టావ్" అన్నాడు.

ఆ ఒక్క మాటతో సగం పాఠం అయిపోయింది. ఆర్కిడ్ వేరు చూడండి, పైన తెల్లగా స్పాంజి లాంటి పొర ఉంటుంది. నీళ్ళు తగిలితే గబుక్కున పీల్చుకుని ఆకుపచ్చగా అవుతుంది. ఆరితే వెండి రంగుకి వస్తుంది. కాబట్టి లెక్కలు, క్యాలెండర్లు అక్కర్లేదు. మొక్క ప్లాస్టిక్ గ్లాసులాంటి పారదర్శకమైన కుండీలో ఉంటే వేళ్ళు బయటికి కనబడతాయి. పచ్చగా ఉన్నాయా, ముట్టుకోకండి. వెండిరంగు అయ్యాయా, కుండీని పది నిమిషాలు నీళ్ళలో ముంచి తీసి, పూర్తిగా కారిపోనివ్వండి. నాకైతే చలికాలం వారం పది రోజులకోసారి, వేసవిలో ఏసీ గదిలో వారానికి రెండుసార్లు పడుతుంది. ఆకుల మధ్య గుంటలో నీళ్ళు నిలిస్తే మాత్రం దూదితో అద్దేయండి. అక్కడ కుళ్ళితే ఇంక మొక్క పోయినట్టే.

మట్టి అసలు వెయ్యకూడదు. చెట్టు బెరడు ముక్కలు, కట్టె బొగ్గు ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు చాలు. బొగ్గు ఇక్కడ ప్రతి బకాలాలోనూ దొరుకుతుంది. కానీ మండీ అంటే చాలు అంటుకునే మందు పూసిన బొగ్గు కాకుండా మామూలు కట్టెబొగ్గు చూసుకోండి. కొబ్బరి డొక్కని మూడు నాలుగు రోజులు నీళ్ళు మార్చుతూ నానబెట్టాలి, అందులో ఉప్పు పోవాలి. ఉద్దానం వాడినై ఉండి, కొబ్బరి డొక్క గురించి ఫిలిప్పీన్స్ వాడి దగ్గర నేర్చుకున్నాను. మన పెరట్లో ఉన్నదాని విలువ మనకి పక్కవాడే చెప్పాలి కాబోలు.

ఇంక నీళ్ళ సంగతి. జుబైల్‌లో సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే పెద్ద ప్లాంటు ఉంది. అయినా బిల్డింగ్ ట్యాంకులోకి ఏ నీళ్ళు వస్తాయో, ట్యాంకు ఎప్పుడు కడిగారో మనకి తెలీదు. 40 రియాల్ పెట్టి టీడీఎస్ మీటరు కొన్నాను. నీళ్ళలో కరిగిన ఉప్పులెంతో చూపిస్తుంది. మా బాత్రూమ్ కుళాయి 600 పైన చూపించింది. ఏసీ బయటి పైపు నుంచి చుక్కచుక్క కారే నీళ్ళు 30 లోపే. అందుకని బకెట్ పెట్టి ఆ నీళ్ళు పడతాను. మొదట కారే మురికి వదిలేసి, గుడ్డలో వడకట్టి, ఒక పూట ఉంచి గది వేడికి వచ్చాక పోస్తాను. ఉప్పు నీళ్ళు పోస్తే ఆర్కిడ్ వేరు కొసలు నల్లబడతాయి, బెరడు మీద తెల్ల పొర కడుతుంది. మన కాంక్రీటు మీద ఉప్పు పూసినట్టే. ఎరువు 20-20-20 ఏదైనా పరవాలేదు. డబ్బా మీద రాసిన మోతాదులో పావు వంతు చాలు, వారానికోసారి. నెలకోసారి వట్టి నీళ్ళతో బాగా కడిగేయాలి.

ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది. దానికి నేను చేసింది చూసి స్టోర్‌కీపర్ నవ్వాడు. 20 ఎం.ఎం. కంకర ఒక సంచిడు అడిగి తెచ్చి, కడిగి, ట్రేలో పరిచి నీళ్ళు పోసి, దాని మీద కుండీ పెట్టాను. కుండీ అడుగు నీళ్ళకి తగలకూడదు. ఏసీ గాలి నేరుగా మొక్క మీదకి కొట్టకూడదు. కానీ చిన్న ఫ్యాను తిరుగుతూ ఉండాలి.

ఇన్ని చేసినా ఏడాది దాకా పువ్వు లేదు. ఆకులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. మా గురువు మళ్ళీ గదికొచ్చి ఏసీ రిమోట్ చూశాడు. 24 డిగ్రీలు, రాత్రీ పగలూ, జనవరీ జూలై అన్నీ ఒకటే. "దానికి కాలం మారినట్టు ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

ఇది సౌదీలో ఉన్నవాళ్ళకి ముఖ్యం. ఎండ వల్ల ఆర్కిడ్ పూయదేమో అనుకుంటాం. ఎండ కాదు, మన ఏసీ గదిలో కాలాలు లేకపోవడమే కారణం. ఫెలనాప్సిస్‌కి పగలు కొంచెం వెచ్చగా, రాత్రి చల్లగా, కొన్ని వారాలపాటు 25 డిగ్రీలకి లోపల ఉంటేనే పూల కాడ వేస్తుంది. ఇక్కడ నవంబర్ వచ్చేసరికి ఆ వాతావరణం ఉచితంగా కిటికీ బయటే ఉంటుంది. ఏసీ ఆపేసి, రాత్రి కిటికీ తెరవండి. గాలిదుమారం ఉన్నరోజు మూసేయండి. 10 డిగ్రీల దగ్గరికి దిగే రాత్రుల్లో లోపల పెట్టుకోండి. 2020 నవంబర్‌లో అలా చేశాను. డిసెంబర్ చివర ఆకు మొదట్లోంచి ఒక ముక్కులాంటిది పొడుచుకొచ్చింది. వేరు అనుకున్నాను. వేరు కొస గుండ్రంగా ఉంటుంది, కాడ కొస బొటనవేలు మడిచినట్టు ఉంటుంది. 2021 మార్చిలో పూసింది. ఏడు పూలు. మూడు నెలలు నిలిచాయి.

కానీ వాసన లేదు. ముక్కు ఆనించి చూశాను, ఏమీ లేదు. సూపర్‌మార్కెట్ ఆర్కిడ్లు చాలావరకు అంతే. పెద్ద పువ్వు, మంచి రంగు, లారీలో విమానంలో వచ్చినా చెక్కుచెదరకుండా ఉండటం, వాటికోసమే సంకరం చేసుకుంటూ వచ్చారు. ఆ దారిలో వాసన పోయింది.

నాకేమో వాసన కావాలి. మల్లెపూలు పెట్టుకునే మనుషుల ఇంట్లో పుట్టినవాణ్ణి. పైగా ఈ దేశం అంతా వాసనే కదా. ఊద్, బఖూర్, తాయిఫ్ గులాబీ. జాజాన్ వాళ్ళు ఫుల్ అని దండలు కడతారు, అది మన మల్లెపువ్వే. ఇంత వాసన మధ్యలో నా గదిలో మాత్రం సాక్సులు, సేఫ్టీ బూట్ల వాసన.

2022లో ఒక నర్సరీలో వాసనొచ్చే ఆర్కిడ్ అంటే 120 రియాల్ పోసి కొన్నాను. పేరు షారీ బేబీ. ఒన్సీడియం జాతి సంకరం. చాక్లెట్ వాసన వస్తుందని చెప్పాడు. దీనికి ఆకుల కింద ఉబ్బిన దుంపల్లాంటివి ఉంటాయి. అవి ముడతలు పడితే దాహమని అర్థం. ఫెలనాప్సిస్ కన్నా వెలుగు ఎక్కువ కావాలి. ఆకు ముదురు పచ్చగా ఉంటే వెలుగు చాలట్లేదు, ఎర్రబారితే ఎక్కువైంది, లేత పచ్చగా ఉంటే సరిపోయింది. నాకు తూర్పు కిటికీ, పలచని తెర కుదిరింది. ఆకుల మీద నల్ల చుక్కలు పడతాయి. ఈ రకానికి అది మామూలే, బెంగపడకండి.

నవంబర్‌లో పూసింది. పొడుగాటి కాడ, కొమ్మలు కొమ్మలుగా చిన్న చిన్న పూలు, ముదురు ఎరుపు మీద తెలుపు. వాసన చూశాను. లేదు. మర్నాడు చూశాను, లేదు. రోజూ డ్యూటీ నుంచి రాగానే చేతులు కడుక్కుని మరీ చూసేవాణ్ణి. రెండు వారాలు పైన అయ్యింది. మోసపోయాను, 120 రియాల్ పోయాయి అని నర్సరీవాణ్ణి తిట్టుకున్నాను.

మా సైట్‌కి శుక్రవారం సెలవు. అయితే ఆ రెండు శుక్రవారాలూ పెద్ద పోర్ ఉండి డ్యూటీకి పోయాను. మూడో శుక్రవారం ఇంట్లో ఉన్నాను. ఆలస్యంగా లేచి, టీ పెట్టుకుని, ఊరికి ఫోన్ చేద్దామని కూర్చున్నాను. పది గంటలు అయ్యుంటుంది. ఎండ తెరలోంచి పూల మీద పడుతోంది. గదిలో ఏదో వాసన. పక్క గదిలో ఎవరో కేకు తెచ్చారు అనుకున్నాను. తలుపు తీసి చూశాను, వరండాలో ఏమీ లేదు. తలుపు వేసి వెనక్కి తిరిగితే తెలిసింది. నా కిటికీలోంచే. చాక్లెట్, కొంచెం వెనిల్లా. మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా ఉండి, తర్వాత మెల్లగా తగ్గిపోయింది. సాయంత్రానికి మళ్ళీ ఏమీ లేదు.

అంటే రోజూ వస్తూనే ఉంది. నేను తెల్లారకుండా బస్సెక్కి, పొద్దుగూకాక వచ్చేవాణ్ణి. అది డ్యూటీ చేసే టైములో నేను ఇంట్లో లేను.

కారణం తర్వాత తెలుసుకున్నాను. పువ్వు వాసన మనకోసం కాదు, పురుగుకోసం. వాసన తయారు చెయ్యడానికి మొక్కకి ఖర్చవుతుంది. అందుకని తన పురుగు తిరిగే వేళకే వదులుతుంది. తేనెటీగ కోసమైతే పగలు, రెక్కలపురుగు కోసమైతే రాత్రి. మడగాస్కర్‌లో ఒక తెల్ల ఆర్కిడ్ ఉంది, రాత్రి పూట వాసన. దాని తేనె గొట్టం అడుగు పొడుగు. 1862లో డార్విన్ దాన్ని చూసి, అంత పొడుగు నాలుక ఉన్న రెక్కలపురుగు ఉండి తీరాలి అని రాశాడు. ఆయన పోయాక, 1903లో, అలాంటి పురుగు ఉందని తేలింది. పువ్వు టైమూ, పురుగు టైమూ అంత బాగా కుదురుతాయి.

కాబట్టి నా సలహా ఒకటే. వాసన ఆర్కిడ్ కొనేముందు మీ షిఫ్ట్ చూసుకోండి. ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు పగలు ఉంటారా, షారీ బేబీ తీసుకోండి. రింకోస్టైలిస్ జైగాంటియా అని థాయ్‌లాండ్ వైపుది ఉంది. చలికాలంలో పూస్తుంది, వేడికి తట్టుకుంటుంది, గది నిండా వాసన. ఫెలనాప్సిస్‌లోనే కావాలంటే బెలీనా అని బోర్నియో రకం ఉంది, అదీ పగలే. నాలాగా చీకటిపడ్డాక వచ్చేవాళ్ళయితే బ్రసావోలా నోడోసా వెతకండి. తెల్ల పువ్వు, సన్నటి ఆకులు, పగలంతా ఊరుకుని పొద్దుగూకాక నిమ్మపువ్వులాంటి వాసన మొదలుపెడుతుంది. వేడికి గట్టిది. కొనేటప్పుడు పూసి ఉన్నదాన్నే, అది వాసనొచ్చే టైములోనే వెళ్ళి చూసి కొనండి.

ఇంకోమాట. ఊరి నుంచి సూట్‌కేసులో ఆర్కిడ్ తేవద్దు. ఆర్కిడ్లన్నీ సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద ఉన్నాయి. పర్మిటు, మొక్కకి ఆరోగ్య పత్రం లేకుండా దేశం దాటించకూడదు.

ఊరంటే గుర్తొచ్చింది. మా పెరట్లో పాత మామిడిచెట్టు ఉండేది. దాని కొమ్మ మీద తెల్లటి లావు వేళ్ళు వేలాడుతూ, ఎండాకాలంలో గోధుమరంగు గళ్ళ పువ్వు, మధ్యలో ఊదారంగు నాలుక. పొద్దున్నపూట మంచి వాసన. మేమంతా బదనిక అనేవాళ్ళం. చెట్టు మీద పుట్టిన ప్రతిదీ మాకు బదనికే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫానుకి ఆ చెట్టు పడిపోయింది. చెట్టుతోపాటు దాన్నీ నరికి పొయ్యిలో పెట్టేశారు. ఇక్కడ ఫోనులో బొమ్మలు చూస్తూంటే తెలిసింది, అది వాండా టెస్సెల్లాటా అనే ఆర్కిడ్ అని. అసలు బదనిక చెట్టు రసం తాగి బతుకుతుంది. ఆర్కిడ్ అలాంటిది కాదు. కొమ్మని పట్టుకుని ఉంటుందే గానీ చెట్టుని పీల్చదు. మీ మామిడితోటలో కనబడితే కొట్టెయ్యకండి. చెట్టు పడిపోతే దాన్ని మెల్లగా విడదీసి పక్క చెట్టుకి గోనె పురితో కట్టండి, బతుకుతుంది. నేను 120 రియాల్ పెట్టి కొన్నది మా పెరట్లో ఊరికే ఉండేది మరి.

ఇంక ఆఖరి సంగతి. 2024 జనవరిలో, సంక్రాంతి సెలవులకి మా ఆవిడ, చిన్నోడు విజిట్ వీసా మీద వచ్చారు. పాప ఇంటర్ చదువుతోంది, రాలేదు. నెలకి ఒక చిన్న ఫ్లాట్ తీసుకున్నాను. షారీ బేబీ అప్పుడు మొగ్గ మీద ఉంది. మొగ్గలున్న ఆర్కిడ్‌కి చోటు మారిస్తే మొగ్గలు రాలుస్తుందని తెలుసు. అయినా వదిలి వెళ్ళలేక, పికప్‌లో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. అక్కడా తూర్పు కిటికీయే చూసి పెట్టాను. సగం మొగ్గలు రాలాయి. సగం నిలిచాయి.

వాళ్ళొచ్చిన మొదటి శుక్రవారం. పదిన్నరకి వంటింట్లోంచి వచ్చి, "ఏటండీ ఈ వాసన, చాక్లెట్ కాగబెడుతున్నారా?" అంది. కిటికీ చూపించాను. దగ్గరకెళ్ళి చాలాసేపు నిలబడింది. సరే, మంచి టైమే కదా అని నిజం చెప్పేశాను. నువ్విచ్చిన మొక్క ఆ ఆగస్టులోనే చచ్చిపోయింది, నీకు చూపించింది వేరేది అని.

"నాకు ఆ రోజే తెలుసు" అంది. "నా మొక్కకి ఎడంవైపు ఆకు చిరిగి ఉండేది. చిన్నోడు బంతి వేసి కొట్టాడు. మీకు కాంక్రీటు పగులు తప్ప ఇంకేటి కనబడుతుంది?"

మరి అడగలేదేం అన్నాను. "అడిగితే రెండోది కూడా పెంచడం మానేస్తారని" అంది.

ఇప్పుడు వాళ్ళు ఊళ్ళో, నేనిక్కడ. వీడియో కాల్‌లో పువ్వు రంగు చూపించగలను, మొగ్గలు లెక్కపెట్టి చెప్పగలను. వాసన పంపలేను. కాకపోతే శుక్రవారం పది దాటాక ఫోన్ చేస్తే మా ఆవిడ మొదట అడిగేది ఒకటే. "వచ్చిందా?" అంటుంది. వచ్చింది అంటాను. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట కావస్తూంటుంది, అన్నం పెట్టుకుంటూ ఉంటుంది.

మీ కిటికీలో ఆర్కిడ్ ఉండి, వాసన లేదని తిట్టుకుంటూంటే, ఒక్క సెలవురోజు పొద్దున్నుంచి రాత్రిదాకా ఇంట్లో ఉండి చూడండి. ఏ టైముకి వచ్చిందో నాకు రాయండి. ఉంటాను మరి.